నాలుగో వరుస దాకా

ఇ. ఎఫ్, పి. టి, ఓ, జెడ్. ఎల్, పి, ఇ, డి. పి, ఇ, సి, ఎఫ్, డి.

అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పగలను. చిన్నప్పుడు బట్టీపట్టిన పద్యాల్లో సగం మరిచిపోయాను, పదమూడో ఎక్కం దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఈ అక్షరాలు మాత్రం నన్ను వదిలేట్టు లేవు. వీటికి అర్థం లేదు, రాగం లేదు. నా ఏడో ఏట, ఒక్క పూటలో, వరుసలో నిలబడి, ముందున్న పిల్లలు చదువుతుంటే విని నేర్చుకున్నాను. అంత శ్రద్ధగా నేర్చుకున్న పాఠం నా చదువు మొత్తంలో మరొకటి లేదు. నాకు అంత నష్టం చేసిన పాఠం కూడా లేదు.

రెండో తరగతిలో ఉండగా మా బడికి కళ్లు చూసేవాళ్లు వచ్చారు. ఇద్దరు. ఒకాయన చేతిలో చాపలా చుట్టిన పటం, రెండో ఆయన దగ్గర కొలతల టేపు. పటాన్ని గోడకు వేలాడదీసి, అక్కడి నుంచి ఆరు మీటర్లు కొలిచి, నేల మీద సుద్దముక్కతో గీత గీశారు. ఆ గీత మీద కాలి బొటనవేలు పెట్టి నిలబడాలి. ముందుకు వంగకూడదు. ఎడమకంటిని అరచేత్తో మూసుకుని కుడికంటితో చదవాలి, తర్వాత కుడికన్ను మూసి ఎడమకంటితో. ఇంతే. చదవడమూ అక్షరాలేగా, వాక్యాలు కూడా కాదు. అయినా తరగతి అంతా పరీక్షల నాటి గుబులుతో నిలబడి ఉంది. మా టీచరు పొద్దున్నే "ఈవేళ అందరికీ కంటి పరీక్ష" అన్నారు మరి. పరీక్ష అన్న మాట చెవిన పడ్డాక పిల్లలకు ఇంకేమి వినిపిస్తుంది?

నా హాజరు నంబరు చివర్లో ఉండేది. వరుసలో నా ముందు ముప్పై మందికి పైగా. ఒక్కొక్కరూ రెండేసి సార్లు చదివారు. అంటే నా వంతు వచ్చేసరికి ఆ అక్షరాలను అరవై సార్లకు తక్కువ కాకుండా విన్నాను. పదో పిల్లాడి దగ్గరకే నాకు ఐదు వరుసలు వచ్చేశాయి. ఆరోది, ఇ, డి, ఎఫ్, సి, జెడ్, పి, చాలా మంది నట్టుతూ చదివారు కాబట్టి కాస్త ఆలస్యమైంది.

కుడికంటితో చివరి వరకూ నిజంగానే చదివాను. తర్వాత కుడికన్ను మూశాను. పైన పెద్ద ఇ కనిపించింది. దాని కింద రెండు నల్లటి ముద్దలు. ఆ కింద అంతా తడి బట్టతో తుడిచిన పలకలా బూడిదరంగు చారలు. ముద్దల వంక చూస్తూ ఎఫ్, పి అన్నాను. చారల వంక చూస్తూ టి, ఓ, జెడ్ అన్నాను. ఎక్కడా ఆగలేదు. ఆయన మూడో మనిషికి వినిపించేలా "బాగా చదివావమ్మా" అని కాగితం మీద టిక్కు పెట్టారు.

అబద్ధం చెబుతున్నానని ఆ క్షణాన నాకు అనిపించలేదు. ఆ ముద్ద ఎఫ్ అని నాకు తెలుసు. తెలిసినది చెప్పడమేగా పరీక్ష! ఇక ఎడమకంటికి మసకగా ఎందుకుందీ అన్నదానికి నా దగ్గర నా సమాధానం ఉండేది. ఎడమచేయి కుడిచేతిలా రాయదు కదా, ఎడమకన్ను కూడా కుడికన్నులా చదవదు కాబోలు. అందరికీ ఇంతే అనుకున్నాను. ఇది ఎవరినైనా అడిగి తెలుసుకోవలసిన సంగతి అని ఏడేళ్ల పిల్లకు ఎలా తోస్తుంది? పక్కవాళ్ల కంటిలోంచి ఎవరూ చూడలేరు.

"రెండు కళ్లూ బాగున్నాయి" అని రాసిన చీటీని ఇంటికి తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. నాన్న దాన్ని నా మార్కుల కాగితాలతో పాటు రేకుపెట్టెలో దాచారు. ఆ చీటీ మళ్లీ వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

తర్వాతి మూడేళ్లలో ఇంట్లో నాకు వచ్చిన పేరు 'చేతగాని పిల్ల'. బంతి విసిరితే పట్టుకోలేను. సూదిలో దారం ఎక్కించమంటే సూది పక్కన గాలిలో ఎక్కిస్తాను. చెంబుతో గ్లాసులోకి నీళ్లు పోస్తే సగం బల్ల మీదే. "చూసి పొయ్యవే!" అని అమ్మ. నేను చూసే పోస్తున్నాను, అదే చిక్కు. రెండు కళ్లూ చూసిన రెండు బొమ్మలను మెదడు ఒకటిగా కుడితేనే దేని లోతు ఎంతో, ఏది ముందో ఏది వెనకో తేలిగ్గా తెలుస్తుంది. నాకు బొమ్మ ఒక్కటే అందుతోంది. చదువులో మాత్రం ఏ లోటూ లేదు. నల్లబల్ల మీద ఎంత చిన్నగా రాసినా కనిపించేది. ఒక మంచి కన్ను ఇల్లంతా ఒంటి చేత్తో నెట్టుకొచ్చే గృహిణి లాంటిది. రెండోది పని చేయడం లేదని ఎవరికీ తెలియనివ్వదు.

ఐదో తరగతిలో మళ్లీ వచ్చారు. ఈసారి ఒక నడివయసు ఆవిడ. పటం అదే. పటాన్ని చూడగానే నాకు పాత స్నేహితురాలు ఎదురైనంత సంతోషం వేసింది. అరచేయి అడ్డం పెట్టుకోబోతే ఆవిడ ఒప్పుకోలేదు. అరచేయి పెడితే వేళ్ల సందుల్లోంచి చూస్తారట, గట్టిగా అదిమితే ఆ కంటికి తన వంతు వచ్చేసరికి మసకలు కమ్ముతాయట. గరిటె ఆకారంలో ఉన్న నల్లటి అట్ట ఒకటి ఇచ్చారు. వరుసలో ఉన్నవాళ్లను గది బయటే నిలబెట్టి ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. అది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. నాకంటే ముందు నాలాంటివాళ్లను చాలామందిని చూసి ఉంటారు.

నాకు ముందు ఒక అమ్మాయి వెళ్లింది. మా తరగతిలో ఎప్పుడూ కళ్లు చికిలించి చూసే పిల్ల. తలుపు వారగా ఉంది కాబట్టి నాకంతా కనిపిస్తూనే ఉంది. మూడో వరుస దగ్గర ఆగిపోయింది. ఆవిడ చిన్న చిన్న చిల్లులున్న మరో అట్ట తీసి కంటికి అడ్డం పెట్టి "ఏదో ఒక చిల్లులోంచి చూసి చదువు తల్లీ" అన్నారు. ఆ పిల్ల అవలీలగా ఆరో వరుస చదివేసింది! మంత్రం వేసినట్టు ఉంది. అందులో మంత్రం లేదని చాలా ఏళ్లకు తెలిసింది. మిల్లీమీటరు చిల్లులోంచి సన్నటి వెలుగుచార మాత్రమే కంట్లోకి వెళుతుంది, కాబట్టి కన్ను దాన్ని వంచి ఒక చోటికి చేర్చవలసిన పని దాదాపు ఉండదు. చిల్లులోంచి బాగా కనబడితే కళ్లజోడుతో బాగుపడే కన్నని గుర్తు. ఆ అమ్మాయి కళ్లు చికిలించేదన్నానే, అదీ ఇదే కిటుకు. ఎవరూ చెప్పకుండానే రెప్పలతో తన చిల్లు తాను చేసుకుంది.

నా వంతు వచ్చింది. కుడికన్ను గడగడా చదివింది. ఎడమకంటికి మారగానే నేను కూడా గడగడా మొదలుపెట్టాను. ఆవిడ బెత్తం కొసతో నాలుగో వరుస చివర చూపించి, "ఇక్కడి నుంచి వెనక్కి చదువు నాన్నా" అన్నారు.

వెనక్కి!

ఎల్, పి, ఇ, డి అని మనసులో ముందు నుంచి చెప్పుకుని, చివరిది పట్టుకుని "డి" అన్నాను. మళ్లీ మొదటి నుంచి చెప్పుకుని "ఇ" అన్నాను. ఆవిడ మాట్లాడకుండా నా ముఖం చూస్తున్నారు, పటం వైపు చూడటం లేదు. బెత్తం ఐదో వరుస మధ్యకు వెళ్లింది, అక్కడి నుంచి మూడో వరుసకు దూకింది. ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. నోరు పెగలలేదు. చిల్లుల అట్ట పెట్టారు. ఏ చిల్లులోంచి చూసినా ముద్దలు ముద్దల్లాగే ఉన్నాయి. అప్పుడు ఆవిడ ముఖంలో వచ్చిన మార్పును నా కుడికన్ను అట్ట వెనక నుంచి చూడలేదు, ఎడమకన్ను చూడలేకపోయింది. గొంతు మెత్తబడటం మాత్రం చెవులకు తెలిసింది. "ఫెయిలయ్యానా?" అని అడిగాను. "ఇందులో ఫెయిలు లేదమ్మా" అన్నారు కానీ కాగితం మీద ఎర్రసిరాతో రాశారు. ఎర్రసిరాకు ఏ అర్థం ఉంటుందో ఐదో తరగతి పిల్లకు వేరే చెప్పాలా?

కంటి డాక్టరు గదిలోకి నాన్న నా పాత చీటీ కూడా వెంట తెచ్చారు. "మూడేళ్ల కిందట బాగున్నాయని రాసిచ్చారండీ. ఈ మధ్యనే పాడై ఉండాలి" అని ఆ చీటీని డాక్టరు బల్ల మీద పెట్టి మడతలు సాపు చేశారు. డాక్టరు నా వైపు తిరిగి, "అప్పుడు ఎలా చదివావు తల్లీ?" అని అడిగారు. కోపం లేని గొంతు. నేను రెండు కళ్లూ మూసుకుని ఇ నుంచి మొదలుపెట్టి ఆరో వరుస చివరి దాకా అప్పజెప్పాను. డాక్టరు పెద్దగా నవ్వారు. నేను కళ్లు తెరిచేసరికి నాన్న నవ్వడం లేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుంటున్నారు.

తర్వాత కళ్లలో చుక్కల మందు వేశారు. మండింది. కాసేపటికి చేతిలోని పుస్తకం అలుక్కుపోయింది, కిటికీ వైపు చూస్తే వెలుగు పొడిచింది. చిన్నపిల్లల కంట్లో ఉండే కటకం రబ్బరులా సాగి ముడుచుకుని లోపాన్ని దాచేస్తుందట, దాన్ని కాసేపు కదలకుండా ఉంచడానికే ఆ మందు. చీకటి గదిలో ఒక సన్నటి వెలుగుగీతను నా కంటి మీద అటూ ఇటూ ఆడిస్తూ, లోపలి నుంచి తిరిగొచ్చే ఎర్రటి మెరుపు ఎటు కదులుతుందో చూస్తూ, గాజుబిళ్లలు మార్చి మార్చి అడ్డం పెట్టారు. నన్ను ఒక్క అక్షరం చదవమనలేదు. నేను ఏమీ చెప్పకుండానే నా కన్ను నా గుట్టు చెప్పేసింది. కుడికంటికి ప్లస్ అర పవరు, ఎడమకంటికి ప్లస్ నాలుగున్నర.

డాక్టరు నాన్నకు వివరించిన మాటలు నాకు ఆనాడు సగమే అర్థమయ్యాయి. కంటిగుడ్డులో జబ్బేమీ లేదు. మెల్లకన్ను కూడా కాదు. మెల్ల ఉంటే ఇంట్లోవాళ్లే ఎప్పుడో గుర్తుపట్టేవారు. పుట్టినప్పటి నుంచి ఎడమకన్ను పంపే బొమ్మ మసకగా ఉంది, కుడికన్ను పంపేది స్పష్టంగా ఉంది. మెదడు స్పష్టమైనదాన్ని తీసుకుని మసకదాన్ని పక్కన పడేయడం నేర్చుకుంది. ఇప్పుడు అద్దం పెట్టి బొమ్మను బాగుచేసినా దాన్ని చదవడం ఆ మెదడుకు రాదు. లేజీ ఐ అంటారు. సోమరి కన్ను. పాపం, సోమరి అన్న నింద కన్ను మోస్తోంది కానీ పనిచేయనిది అది కాదు. వందమంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని పెద్దయ్యాక చదివాను.

పెద్దయ్యాకే ఇంకొకటి కూడా చదివాను. 1960ల్లో డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీజల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద పరిశోధన చేశారు. పుట్టిన కొత్తలో ఒక కంటిరెప్పను కొన్ని వారాలు మూసి ఉంచి తర్వాత తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడులో ఆ కంటికి బదులు పలికే కణాలు దాదాపు కనిపించలేదు. అదే పెరిగిన పిల్లికి అంతకాలం మూసినా ఏమీ కాలేదు. అంటే చూపుకు కూడా ఒక బడి ఈడు ఉంది. 1981లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వ్యాసం చదివిన రోజు నేను లెక్కవేసుకున్నాను. ఏడేళ్లప్పుడు దొరికి ఉంటే చాలా వరకు దక్కేది. ఐదేళ్లకు దొరికి ఉంటే ఇంకా మేలు. పదేళ్లకు దొరికింది. మధ్యలోని మూడేళ్లూ ఆ ముప్పై మంది పిల్లల గొంతులు నాకు అందించిన మార్కులకు పోయాయి.

కళ్లజోడు కథలన్నింటిలో ఒక ఘట్టం తప్పకుండా వస్తుంది. మొదటిసారి పెట్టుకోగానే చెట్టు మీద ఆకులు విడివిడిగా కనిపించాయని, నక్షత్రాలు కనిపించాయని. ఆ కళ్లు చికిలించే అమ్మాయికి అదే జరిగింది, వారం రోజులు అదే చెప్పింది. నాకు అలాంటిదేమీ జరగలేదు. ఒక వైపు మందంగా, ఒక వైపు పలచగా ఉన్న కళ్లజోడు పెట్టుకుని చూస్తే లోకం అంతకు ముందు ఎలా ఉందో అలాగే ఉంది, ముక్కు మీద బరువు తప్ప. ఆ పైన కుడికంటికి పట్టీ. బాగా చూసే కన్ను మూసేస్తే, గత్యంతరం లేక మెదడు రెండోదాని మాట వింటుందని. ఈ ఉపాయం కొత్తది కాదు. బుఫాన్ అనే ఫ్రెంచి పండితుడు 1743లోనే రాసిపెట్టాడు. ఇప్పుడైతే లోపం ఓ మోస్తరుగా ఉన్న పిల్లలకు రోజుకు రెండు గంటలు పట్టీ కట్టినా చాలంటున్నారు. నాకు మాత్రం నిద్ర లేచింది మొదలు పడుకునే వరకు.

మొదటి రోజు బడి మెట్ల దగ్గర నిలబడిపోయాను. ఎన్నేళ్లుగానో ఎక్కే మెట్లు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. గోడ పట్టుకుని ఎక్కాను. తరగతిలో నల్లబల్ల నల్లగా ఉంది, అంతే. దాని మీద తెల్లటి పొడి అలుముకుని ఉంది. పిల్లలు ఒంటికన్ను అన్నారు, ఇంకేవేవో అన్నారు. నా పక్క బెంచీ అమ్మాయి ఆ రోజే టీచరును అడిగి నా దగ్గరకు జరిగి కూర్చుంది. టీచరు రాసినదంతా నా చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చదివేది, నేను రాసుకునేదాన్ని. అలా సంవత్సరం పాటు. ఒకసారి లెక్కలో ఒక సంఖ్య తప్పు చదివింది. ఇద్దరికీ ఒకే తప్పు జవాబు వచ్చింది, ఇద్దరమూ కాపీ కొట్టామని గోడ కుర్చీ వేశాం. తనకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఆ వయసులో అలాంటివి చెప్పుకోము కదా.

ఇంట్లో సాయంత్రాలు నాన్నవి. పట్టీతో గంటసేపు కంటికి పని చెప్పాలని డాక్టరు అన్నారు. నాన్న వార్తాపత్రిక తీసి నా ముందు పరిచి, పెన్సిలు చేతికిచ్చి, "సున్నాలన్నీ నింపు" అన్నారు. తెలుగు పత్రికలో సున్నాలకు కొదవా! మొదట శీర్షికల్లోవి. అరటిపండు ఒలిచినంత తేలిక అనుకుంటారేమో, వేలెడంత అక్షరాల పక్కన ఉన్న సున్న కోసం ముక్కు కాగితానికి ఆనించేదాన్ని. రెండు నెలలకు ఉపశీర్షికల్లోకి దిగాను. ఎండలు ముదిరే నాటికి వార్తల్లోకి. ఇంట్లో నాన్న చదవవలసిన పత్రికలన్నీ నల్లటి చుక్కలతో నిండిపోయేవి. ఎప్పుడైనా పట్టీ అంచు పైకెత్తి కుడికంటితో దొంగచూపు చూస్తే, నాన్న పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "ఇ, ఎఫ్, పి" అనేవారు. నేను పట్టీ సరిచేసుకునేదాన్ని. ఆ చీటీ గురించి ఆయన నన్ను తిట్టింది మొత్తం అంతే.

ఏడాదికి ఎడమకన్ను రెండో వరుస నుంచి నాలుగో వరుసకు వచ్చింది. అక్కడ ఆగింది. మరో ఆరు నెలలు కట్టి చూశారు, కదలలేదు. పదేళ్లకు మొదలుపెట్టిన కంటికి ఇదే ఎక్కువ అన్నారు డాక్టరు. పట్టీ తీసేశారు. నాన్న పత్రికలు మళ్లీ శుభ్రంగా కనిపించసాగాయి.

మధ్యలో ఒకటి మరిచాను. ఎర్రసిరా వచ్చిన ఏడాదే ఆవిడ రంగు చుక్కల పుస్తకం కూడా తెచ్చారు. ప్రతి పేజీలోనూ రంగురంగుల చుక్కలు, వాటి మధ్య దాక్కున్న అంకె. టోక్యోకు చెందిన ఇషిహరా అనే వైద్యుడు 1917లో ప్రచురించిన పరీక్ష అది. మొదటి పేజీలోని 12 అందరికీ కనిపిస్తుంది, పరీక్ష ఏమిటో అర్థం కావడానికి. ఆ తర్వాతి పేజీల్లోనే అసలు సంగతి. మా తరగతిలో బొమ్మలు బ్రహ్మాండంగా వేసే ఒక పిల్లాడు మొదటి 12 తర్వాత ఏమీ లేదన్నాడు. "ఉత్త చుక్కలేనండీ" అన్నాడు. మేము నవ్వాం. వాడి బొమ్మల్లో చెట్టు మొదలు ఆకుపచ్చగా, ఆకులు మట్టిరంగులో ఎందుకుంటాయో అప్పుడు తెలిసింది. అప్పటిదాకా అదేదో వాడి కళాత్మకత అనుకునేవాళ్లం. పరీక్ష అయ్యాక వాడు పెన్సిళ్ల మీద రంగుల పేర్లు చీటీలు అంటించుకున్నాడు. కొన్నాళ్లకు చీటీలు పీకేసి, మట్టిరంగు ఆకులే వేశాడు. నాకు అవే నచ్చేవి.

ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియకపోవడం మగపిల్లల్లోనే ఎక్కువ, ఐరోపా సంతతివారిలో నూటికి ఎనిమిదిమంది మగవారికి ఉంటుందని లెక్క. పరమాణువుల డాల్టన్ కూడా ఆ కోవవాడే. 1794లో తన చూపు గురించి తనే పత్రం చదివాడు. తన కంట్లోని ద్రవం నీలంగా ఉంటుందని నమ్మి, చనిపోయాక కన్ను కోసి చూడమన్నాడు. 1844లో చూశారు. ద్రవం తేటగానే ఉంది. దాచిన ఆ కంటి ముక్కలోంచి 1995లో జన్యువులు తీసి చూస్తే అసలు కారణం దొరికింది, ఆకుపచ్చను పట్టే వర్ణకం లేదు. నూట యాభై ఏళ్ల తర్వాత వచ్చిన పరీక్ష ఫలితం!

నేను టీచరునయ్యాను. మా దగ్గర పిల్లల కళ్లు మొదట టీచర్లే చూసి, అనుమానమున్నవాళ్లను పైకి పంపే పద్ధతి వచ్చినప్పుడు శిక్షణకు ముందుగా పేరిచ్చింది నేనే. అక్కడే తెలిసింది, వరుసల పక్కన ఉండే 60, 36, 24, 18 అంకెల మర్మం. నెదర్లాండ్స్‌కు చెందిన స్నెల్లెన్ 1862లో వేసిన లెక్క. మంచి కన్ను అరవై మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని నీవు ఆరు మీటర్ల నుంచి మాత్రమే చదవగలిగితే నీ చూపు ఆరు బై అరవై. పైనున్న ఇ దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు, ఆరు బై ఆరు వరుసలోని అక్షరం తొమ్మిది మిల్లీమీటర్లు కూడా ఉండదు. నా ఎడమకన్ను ఆరు బై ముప్పై ఆరులో మొదలై ఆరు బై పద్దెనిమిది దగ్గర స్థిరపడిందన్నమాట.

ఇంకొకటి తెలిసి ఒళ్లు జలదరించింది. సోమరి కన్ను ఒంటరి అక్షరాన్ని బాగానే చదువుతుంది, పక్కన మరో నాలుగు అక్షరాలుంటేనే తికమకపడుతుంది. కాబట్టి పిల్లకు సాయం చేస్తున్నామనుకుని మిగతావి మూసి ఒక్కో అక్షరమే చూపిస్తే, పట్టుకోవలసిన కన్ను పాసైపోతుంది. వరుస మొత్తం చూపించాలి, బెత్తం అక్షరం కింద ఉండాలి.

పాతికేళ్ల పాటు ఏటా ఆ సుద్దగీత గీశాను. పిల్లల ఎత్తులన్నీ నాకు తెలుసు. తల పక్కకు తిప్పి ముక్కు మీదుగా మంచి కంటితో చూసేవాళ్లు, వేళ్లు ఒక్కటొక్కటిగా విడదీసేవాళ్లు, గీత మీద నుంచి ముందుకు పాకేవాళ్లు, కళ్లజోడు కావాలనే మోజుతో ఇ కూడా కనిపించడం లేదనేవాళ్లు. చివరివాళ్లకు పవరు లేని గాజు అడ్డం పెట్టి "ఇప్పుడు చూడు" అంటే చివరి వరుస దాకా చదివేసేవారు. అక్షరాలు రాని చిన్నవాళ్లకు బొమ్మల పటం వాడేవాళ్లం. ఇల్లు, ఆపిల్, గుండ్రం, చదరం. ఫిన్లండుకు చెందిన డాక్టరు లియా హ్యువారినెన్ 1976లో తయారుచేసినవి. చూపు అందని దూరంలో నాలుగూ ఒకేలా గుండ్రంగా అలుక్కుపోయేట్టు గీశారు, ఊహించి చెప్పడానికి వీల్లేకుండా. ఆవిడకు కూడా నాలాంటి పిల్ల తగిలి ఉంటుందని నా అనుమానం.

అన్నీ పట్టుకున్నానని చెప్పను. దూరపు పటం సునాయాసంగా చదివి, పుస్తకం పట్టుకోగానే తలనొప్పి అనే పిల్లలను మొదట్లో బద్ధకస్తులనుకున్నాను. వాళ్లది ప్లస్ పవరు అని, దూరం చదివించి వదిలేస్తే దొరకరని ఆలస్యంగా తెలుసుకున్నాను. అంతకంటే బాధపెట్టినవి చీటీలు. నేను ఎర్రసిరా మానేసి నీలిసిరాతో, వీలైనంత మర్యాదగా రాసిచ్చిన చీటీలు వచ్చే ఏడాది అవే సంచుల అడుగున నలిగి దొరికేవి. ఇంటికి చేరినవాటిలో కొన్ని "ఆడపిల్లకు ఇప్పటి నుంచే కళ్లజోడేమిటి" అన్న మాట దగ్గర ఆగిపోయేవి. కళ్లజోడు చేయించినా కొందరు గుమ్మం దాటగానే తీసి జేబులో వేసుకునేవారు. పరీక్ష పెట్టడం పది నిమిషాల పని. ఆ తర్వాతిదే ఏళ్ల తరబడి సాగే పని, దానికి నా చేతిలో బెత్తం లేదు.

నేను పదవీవిరమణ చేసే నాటికి ఒక పరికరం వచ్చింది. మీటరు దూరం నుంచి పిల్లల ముఖం వైపు పెడితే కిచకిచమంటుంది, పిల్ల అటు చూస్తుంది, రెండు మూడు క్షణాల్లో రెండు కళ్ల పవరూ తెర మీద అంకెల్లో వచ్చేస్తుంది. పిల్ల చదవనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. ఏడాది పాపకైనా చూడవచ్చు. ఆ ఏడాది వరుసంతా అరగంటలో అయిపోయింది. నా ఎడమకన్ను దీని ముందు ఒక్క క్షణం కూడా దాక్కోలేకపోయేది. సంతోషంగానే ఉంది, కొంచెం వెలితిగానూ ఉంది. సుద్దగీత లేదు, గుబులు లేదు, పక్కవాడు ఏ వరుస దాకా చదివాడన్న ఆరా లేదు. పాత పటాన్ని పారేస్తామంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. పడకగదిలో తలుపు వెనక వేలాడుతోంది.

కిందటేడు కుడికంటికి శుక్లం వచ్చింది. నా మంచి కన్ను. ఆపరేషను చేసి, మర్నాడు పొద్దున దాకా తీయకూడదని మెత్త పెట్టి, పైన ప్లాస్టిక్ గుల్ల అతికించి ఇంటికి పంపారు. పదేళ్లప్పుడు పట్టీ కట్టిన కన్నే. అమ్మాయి చేయి పట్టుకుని నడిపించబోతే వద్దన్నాను. గోడ తగలకుండా గదిలోకి వెళ్లాను. మంచం అంచు దొరికింది. అమ్మాయి ముఖం కొంచెం అలుక్కుని ఉన్నా అది దిగులు ముఖమని తెలుస్తూనే ఉంది.

"అమ్మా, ఆ కంటికి ఏమైనా కనిపిస్తోందా?" అని అడిగింది.

తలుపు మూయమన్నాను. మూసింది. పటం వైపు చూశాను. ఆరు మీటర్లు లేవు, మూడు కూడా ఉండవు, ఆ లెక్కన ఇంకా కిందికి అందాలి. కానీ డెబ్బై దగ్గరపడిన కన్ను, ఆ రోజుకు అంత బేరం ఆడదలచుకోలేదు.

"నాలుగో వరుస దాకా" అన్నాను.

"బట్టీపట్టినవి కదమ్మా అవి" అంది అమ్మాయి. కథ అంతా దానికి తెలుసు. లేచి పటం దగ్గరకు వెళ్లి వేలు పెట్టింది. "ఇక్కడి నుంచి వెనక్కి చదువు."

డి, ఇ, పి, ఎల్.